స్వతంత్ర వృత్తిదారులకు క్లౌడ్ నిల్వ

క్లౌడ్ నిల్వ అనగా ఫైళ్ళను సొంత కంప్యూటరులోనే గాక, ఇంటర్నెట్ ద్వారా వేరొక సంస్థకు చెందిన సర్వర్లలో భద్రపరచుకొనే విధానం. ఏ సంస్థలోను ఉద్యోగిగా చేరక, పనికి ఇంత అని ప్రతిఫలం తీసుకొనే అనువాదకులు, డి.టి.పి. పనివారు, ప్రూఫులు దిద్దేవారు, పెళ్ళి ఫోటోగ్రాఫర్లు, లెక్కలు వ్రాసేవారు మొదలైనవారిని స్వతంత్ర వృత్తిదారులు లేక ఫ్రీలాన్సర్లు అంటారు. పెద్ద కార్యాలయాలలో ఫైళ్ళ భద్రత చూడడానికి ప్రత్యేక విభాగం ఉంటుంది. స్వతంత్ర వృత్తిదారుకు ఆ విభాగమంతా తానే. పైగా వారి కంప్యూటరులో ఉండేవి చాలావరకు వారి సొంత ఫైళ్ళు కావు. ఒకరి వ్రాతప్రతి, మరొకరి పెళ్ళి ఫోటోలు, ఇంకొకరి ఆదాయపు పన్ను కాగితాలు, ఆధార్ నకళ్ళు వారి వద్ద ఉంటాయి. అందువలన క్లౌడ్ సేవను ఎంచుకొనేటప్పుడు ధర, స్థలం కన్న ముందు రెండు విషయాలు తెలుసుకోవాలి. మొదటిది, ఆ ఫైళ్ళ తాళంచెవి ఎవరి వద్ద ఉన్నది. రెండవది, ఆ ఫైళ్ళకు రెండవ ప్రతి ఎక్కడ ఉన్నది.

హైదరాబాదులో నేపథ్యం

హైదరాబాదు నగరంలో కాచిగూడ, సుల్తాన్ బజారు, అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలకు తెలుగు పుస్తకంతో చాలాకాలంగా సంబంధం ఉన్నది. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో స్థాపించబడినది. అది సుల్తాన్ బజారులో ఉన్నది. కాచిగూడలోని నవోదయ బుక్ హౌస్, అబిడ్స్‌లోని విశాలాంధ్ర పుస్తకాల దుకాణం తెలుగు పాఠకులకు సుపరిచితాలు. ఒక గది, ఒక కంప్యూటరుతో ప్రచురణకర్తలకు, రచయితలకు పని చేసిపెట్టే డి.టి.పి. పనివారి వద్ద అనేక పుస్తకాల తుది రూపం ఉంటుంది. చేతివ్రాత ప్రతిని రచయిత పారవేసిన తరువాత ఆ కంప్యూటరు డిస్కులోని ఫైలే మూలప్రతి అవుతుంది. ఈ సంగతి సాధారణంగా రెండవ ముద్రణ అవసరమైనప్పుడు గాని ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ ప్రాంతం మూసీ నదికి దూరమైనది కాదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద నగర చరిత్రలోనే అతి పెద్ద విపత్తు. 2020 అక్టోబరులో భారీ వర్షాలకు నగరంలోని అనేక కాలనీలు నీట మునిగాయి. 2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ నీరు మహాత్మా గాంధీ బస్ స్టేషనులోనికి ప్రవేశించింది. నేలమాళిగలో గాని, కింది అంతస్తులో గాని ఉన్న కంప్యూటరుకు, దాని పక్కనే సొరుగులో ఉన్న హార్డ్ డిస్కుకు వరద ఒకేసారి వస్తుంది. ఫైళ్ళ ప్రతిని వేరొక చోట ఉంచవలసిన అవసరం ఇక్కడ తెలుస్తుంది.

అయితే క్లౌడ్‌లో పెట్టినంత మాత్రాన భయం తీరదు. అదే 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజియాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రం అగ్నిప్రమాదానికి గురైంది. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్ళు దాచుకొనే జి-డ్రైవ్ అనే క్లౌడ్ నిల్వ అందులో కాలిపోయింది. నష్టపోయిన సమాచారం 858 టెరాబైట్లు. పరిమాణం మరీ ఎక్కువ కావడం వలన దానికి బయట మరొక ప్రతి ఉంచలేదని అధికారులు తెలిపారు. కొన్ని శాఖలలో ఉద్యోగులు సొంత కంప్యూటరులో ఏమీ ఉంచక, అంతా జి-డ్రైవ్‌లోనే పెట్టేవారు. నిబంధన పాటించినవారే ఎక్కువ నష్టపోయారు.

తెలుగువారికి మరింత దగ్గర ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ తదితర సంస్థల భాగస్వామ్యంతో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి అందులో చేర్చారు. 2017లో ఆ వెబ్‌సైటు నిలిచిపోయింది. అంతకు ముందే వాటిలో చాలా పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్ళు చేర్చి ఉండడం వలన పాఠకులు నేటికీ వాటిని చదువగలుగుతున్నారు.

సమకాలీకరణ, భద్రప్రతి

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటి సేవలు ప్రధానంగా చేసే పని సమకాలీకరణ, అనగా సింక్. కంప్యూటరులోని ఫోల్డరులో ఏ మార్పు జరిగినా అదే మార్పు క్లౌడ్‌లోను జరుగుతుంది. ఇది సౌకర్యమే గాని భద్రప్రతి, అనగా బ్యాకప్ కాదు. ఇంట్లో పొరపాటున ఒక ఫైలు తొలగిస్తే క్లౌడ్‌లో కూడా తొలగిపోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో అది 30 రోజులుండి ఆ తరువాత శాశ్వతంగా పోతుంది. ఆరు నెలలకొకసారి తెరిచే ఫైలు పోయిన సంగతి 30 రోజులలో తెలియకపోవచ్చు.

ఫైళ్ళను తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ విషయంలోను ఇదే ప్రమాదం. 2017 మేలో ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లను కూడా తాకింది. ఇటువంటి దాడిలో పాడైన ఫైళ్ళే సమకాలీకరణ ద్వారా క్లౌడ్‌లోనికి చేరుతాయి. కనుక సేవను ఎంచుకొనే ముందు పాత రూపాలను, అనగా వెర్షన్లను ఎన్ని రోజులు నిలిపి ఉంచుతుందో, మొత్తం ఫోల్డరును వెనుకటి తేదీకి తీసుకొనిపోయే వీలున్నదో లేదో చూడాలి. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనబడే గిగాబైట్ల సంఖ్య కన్న ఇది ముఖ్యం.

తాళంచెవి

దాదాపు అన్ని క్లౌడ్ సంస్థలు తమ సేవలో ఎన్‌క్రిప్షన్ లేక గుప్తీకరణ ఉన్నదని చెప్పుకొంటాయి. ఈ ఒక్క మాటకు మూడు వేర్వేరు అర్థాలున్నాయి. ఫైలు ప్రయాణంలో ఉండగా దారిలో ఎవరూ చదువకుండా చేయడం ఒకటి. సంస్థ సర్వరులోని డిస్కును ఎవరైనా ఎత్తుకొనిపోయినా చదువలేకుండా చేయడం రెండవది. ఈ రెండూ ఇప్పుడు సాధారణమే. కాని ఈ రెండింటిలోను తాళంచెవి సంస్థ వద్దనే ఉంటుంది. బ్యాంకు లాకరు తెరవడానికి బ్యాంకు తాళంచెవితో పాటు ఖాతాదారు తాళంచెవి కూడా కావాలి. ఇక్కడ అటువంటి ఏర్పాటు లేదు. సంస్థ తలచుకొంటే, లేదా చట్టబద్ధమైన ఆదేశం వస్తే, వినియోగదారు ప్రమేయం లేకుండానే ఫైలు తెరవగలదు.

మూడవది ఆద్యంత గుప్తీకరణ. ఇందులో ఫైలు వినియోగదారు కంప్యూటరులోనే గుప్తరూపంలోనికి మారి, ఆ తరువాతనే బయలుదేరుతుంది. తాళంచెవి సంస్థకు తెలియదు. దీనికి మూల్యం కూడా ఉన్నది. పాస్‌వర్డు మరచిపోయి, పునరుద్ధరణ సంకేతం కూడా పోగొట్టుకొంటే, సంస్థకు విన్నవించుకొన్నా ప్రయోజనముండదు. ఆ సంకేతాన్ని కాగితం మీద వ్రాసి ఇంటి బీరువాలో పెట్టుకోవడం పాతకాలపు పద్ధతిగా తోచినా మంచి పద్ధతే.

ఆద్యంత గుప్తీకరణ అని వ్రాసుకొన్న సేవలన్నీ సమానం కావు. స్విట్జర్లాండులోని ఇ.టి.హెచ్. జూరిక్ పరిశోధకులు 2022లో మెగా అనే సేవలో లోపాలను బయటపెట్టారు. 2024లో అక్కడి పరిశోధకులే సింక్, పీక్లౌడ్, ఐస్‌డ్రైవ్, సీఫైల్, ట్రెసొరిట్ అనే ఐదింటిని పరిశీలించి నాలుగింటిలో తీవ్రమైన లోపాలున్నట్లు చూపారు. దేశాన్ని బట్టి కూడా తేడా రావచ్చు. ఆపిల్ సంస్థ 2022 డిసెంబరులో ప్రవేశపెట్టిన అధునాతన రక్షణ ఏర్పాటును 2025 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఉపసంహరించుకొన్నది.

సంస్థ మాటపై ఆధారపడకుండా ఉండే మార్గమొకటి ఉన్నది. క్రిప్టోమేటర్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో ఫోల్డరుకు ముందుగా సొంత తాళం వేసి, తాళం వేసిన ఫోల్డరును ఏ క్లౌడ్‌లోనైనా పెట్టవచ్చు. అప్పుడు క్లౌడ్ సంస్థ వట్టి గోదాము మాత్రమే. ఐతే ఇతరులతో పంచుకోవడం, వెబ్‌సైటులోనే తెరిచి చూడడం, లోపలి మాటలు వెదకడం ఈ పద్ధతిలో వీలుకాదు. అన్ని ఫైళ్ళకు ఇది అవసరం లేదు. వినియోగదారుల గుర్తింపు కాగితాలు, బ్యాంకు వివరాలు, ఇంకా వెలువడని వ్రాతప్రతులు తాళంలో ఉంచి, మిగిలినవి మామూలుగా ఉంచుకొంటే సరిపోతుంది.

తాళంచెవి ఎంత గట్టిదైనా తలుపు తెరిచి ఉంచితే లాభం లేదు. జిరాక్సు దుకాణంలో ప్రింటు తీయించుకోవడానికి ఈమెయిలు తెరిచి, మూయకుండా వెళ్ళిపోవడం తరచుగా జరిగే పొరపాటు. ఆ ఈమెయిలు ఖాతాయే క్లౌడ్ ఖాతా కూడా కావడం వలన, తరువాత అక్కడ కూర్చున్నవారికి ఫైళ్ళన్నీ కనబడతాయి. లింకు తెలిసిన ప్రతివారూ తెరవగలిగేటట్లు ఫైళ్ళను పంచుకోవడం మరొకటి. పని ముగియగానే అటువంటి లింకులను రద్దు చేయాలి. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. సిమ్ కార్డు మోసాల దృష్ట్యా ఎస్.ఎమ్.ఎస్. ద్వారా వచ్చే ఓ.టి.పి. కన్న ప్రత్యేక యాప్ గాని, పాస్‌కీ గాని మేలు.

చట్టం

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో ఆమోదించబడినది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు అమలులోనికి వచ్చేటట్లు నిర్ణయించారు. సొంత, గృహ అవసరాలకు ఈ చట్టం వర్తించదు గాని వృత్తిపరమైన పనికి మినహాయింపు లేదు. ఇతరుల సమాచారాన్ని ఏ ప్రయోజనానికి వాడాలో నిర్ణయించినవారే దాని రక్షణకు బాధ్యులు. నిల్వ చేసే పనిని మరొక సంస్థకు అప్పగించినా ఆ బాధ్యత తొలగిపోదు. తగిన రక్షణ చర్యలు తీసుకోకపోతే గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. ఒక గదిలో పని చేసుకొనే ఫోటోగ్రాఫరుకు అంత పడుతుందని కాదు. తప్పు తీవ్రతను బట్టి మొత్తాన్ని నిర్ణయిస్తారు.

ఫైళ్ళు విదేశాలలో ఉండకూడదనే నిషేధం ఈ చట్టంలో లేదు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించే దేశాలకు మాత్రమే ఆంక్ష ఉంటుంది. అమెజాన్ సంస్థ 2016లో ముంబైలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది. ఇవి ప్రధానంగా సాఫ్ట్‌వేరు నిర్మించే సంస్థలకు ఉద్దేశించినవి. హైదరాబాదులో డేటా కేంద్రమున్నంత మాత్రాన కాచిగూడవాసి ఉచిత ఖాతాలోని ఫైలు హైదరాబాదులోనే ఉన్నదని అనుకోరాదు. వినియోగదారు ఆ షరతు పెడితే, భారతదేశంలోనే ఉంచుతామని వ్రాతపూర్వకంగా చెప్పే సేవనే తీసుకోవాలి.

తెలుగు ఫైళ్ళు

క్లౌడ్ సేవ ఫైలును ఇచ్చినది ఇచ్చినట్లు తిరిగి ఇస్తుంది. దానిని చదువగలగడం వేరే సంగతి. తెలుగు డి.టి.పి.లో ఎంతోకాలం పేజ్‌మేకర్, అను ఫాంట్ల వాడుక సాగింది. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకారాలను రోమను అక్షరాల, గుర్తుల స్థానాలలో అమర్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే అర్థంలేని రోమను అక్షరాలే కనబడతాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన రూపం 2001లో వెలువడింది; ఆ తరువాత అడోబీ సంస్థ దానిని అభివృద్ధి చేయలేదు. ఎంతో భద్రంగా దాచిన ఫైలు పదేళ్ళ తరువాత చెక్కుచెదరకుండా దొరికి, తెరవడానికి సాఫ్ట్‌వేరు దొరకకపోవచ్చు.

అందువలన ప్రతి పుస్తకానికి మూడు రూపాలు దాచుకోవడం మంచిది: అసలు ఫైలు, ఫాంటు పొదిగిన పి.డి.ఎఫ్., యూనికోడ్‌లోనికి మార్చిన వట్టి పాఠం. పి.డి.ఎఫ్. ఒక్కటే చాలదు. అను ఫాంటుతో చేసిన పి.డి.ఎఫ్. కంటికి సరిగా కనబడినా, అందులోని పాఠాన్ని నకలు తీస్తే మళ్ళీ రోమను అక్షరాలే వస్తాయి, వెదుకులాటకు పనికిరాదు. యూనికోడ్ పాఠానికి పట్టే స్థలం కూడా స్వల్పం. సాధారణంగా ఒక తెలుగు సంకేతానికి 3 బైట్లు చొప్పున లెక్కవేసినా 300 పేజీల నవల ఒకటి రెండు మెగాబైట్లకు మించదు.

స్థలం, ప్రతుల సంఖ్య

గూగుల్ ఉచితంగా 15 గిగాబైట్లు, మైక్రోసాఫ్ట్, ఆపిల్ 5 చొప్పున, డ్రాప్‌బాక్స్ 2 గిగాబైట్లు ఇస్తున్నాయి. గూగుల్ లెక్కలో ఈమెయిళ్ళు, ఫోటోలు కూడా కలిసే ఉంటాయి. అనువాదకునికి ఇది జీవితకాలం సరిపోవచ్చు. పెళ్ళి ఫోటోగ్రాఫరుకు ఒక్క పెళ్ళికి కూడా చాలదు. ఫోటోగ్రాఫరుకు వేగం కూడా సమస్యే: సెకనుకు 20 మెగాబిట్లు పంపగల కనెక్షనులో 100 గిగాబైట్లు పైకి చేరడానికి 11 గంటలు పడుతుంది.

ప్రతుల విషయంలో 3-2-1 నియమం ప్రసిద్ధం. మూడు ప్రతులుండాలి, అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. దీనిని ప్రచారంలోనికి తెచ్చిన పీటర్ క్రోగ్ అమెరికాకు చెందిన ఫోటోగ్రాఫరు. కంప్యూటరు, బయటి హార్డ్ డిస్కు, ఒక క్లౌడ్ ఖాతా ఉంటే ఈ నియమం నెరవేరినట్లే. రెండవ క్లౌడ్ కొనడం కన్న హార్డ్ డిస్కు కొని, వారానికొకసారి నకలు తీసి, వెంటనే కంప్యూటరు నుండి విడదీసి ఉంచడం ఎక్కువ ఉపయోగకరం. అప్పుడప్పుడు ఆ నకలులో ఒక ఫైలును నిజంగా తెరిచి చూడాలి. చాలామంది ఈ పని చేయరు.

వారసత్వం

భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం రచయిత మరణానంతరం 60 సంవత్సరాల వరకు సాహిత్య రచనపై హక్కు వారసులకు ఉంటుంది. రెండేళ్ళపాటు వాడకుండా ఉన్న వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని ఫైళ్ళతో సహా, తొలగించే నిబంధనను గూగుల్ సంస్థ 2023 డిసెంబరు నుండి అమలు చేస్తున్నది. హక్కు అరవై ఏళ్ళు నిలిచినా ప్రతి రెండేళ్ళే నిలువవచ్చు. దీనికి పరిష్కారంగా గూగుల్‌లో 2013 నుండి నిష్క్రియ ఖాతా నిర్వహణ ఏర్పాటు ఉన్నది. ఖాతా వాడకం ఆగిన కొన్ని నెలల తరువాత ఫైళ్ళు ఎవరికి అందాలో ముందుగా వ్రాసిపెట్టుకోవచ్చు. ఆపిల్ సంస్థ 2021లో ఇటువంటి ఏర్పాటు చేసింది. 2023 నాటి భారతీయ చట్టంలోని 14వ విభాగం కూడా, మరణించినా అశక్తులైనా తమ వ్యక్తిగత డేటాకు సంబంధించిన హక్కులను వినియోగించడానికి ఒకరిని నామినీగా నియమించుకొనే హక్కును ఇచ్చింది. సొంత తాళం వేసుకొన్న ఫోల్డర్లకు మాత్రం ఈ ఏర్పాట్లేవీ పనిచేయవు. వాటి సంకేతం ఉన్న కాగితం ఎక్కడ ఉన్నదో కుటుంబంలో ఒకరికైనా తెలిసి ఉండాలి.