ఖాళీచోటు కథ

ఒకప్పుడు మన పట్టణములలో ఆఫీసుల గుమ్మములపై ‘నో వేకెన్సీ’ అను బోర్డులు వ్రేలాడుచుండెడివి. పట్టా చేతబట్టుకొని వచ్చిన యువకుడు ఆ రెండు మాటలు చదివి, మారుమాట లేక మెట్లు దిగిపోయెడివాడు. అదే వీథిలో ఇంటి యజమాని అద్దెకున్నవారిని ‘వెకేట్’ చేయుమనెడివాడు. కోర్టుకు ‘వెకేషన్’ వచ్చినదని ప్లీడరుగారు స్వగ్రామమునకు ప్రయాణము కట్టెడివారు. ఈ మూడు మాటలకు మూలమొక్కటే. లాటిను భాషలో ‘వాకువుస్’ అనగా ఖాళీయైనది. ‘వాకారే’ అనగా ఖాళీగా నుండుట, తీరికగా నుండుట. నేడు మనము ముచ్చటింపదలచిన ‘వాక్యూమ్’ అను మాటయు ఆ కుటుంబములోనిదే. అది పదునారవ శతాబ్దమున ఇంగ్లీషులో ప్రవేశించినది. ‘వాయిడ్’, ‘అవాయిడ్’ అనునవి ఫ్రెంచి దారిని వచ్చిన దాయాదులు. ‘వాక్సీన్’ మాత్రము చుట్టము కాదు. లాటినులో ఆవును ‘వాకా’ అందురు. తొలి టీకా గోమసూరికము నుండి తీసినది గనుక దానికా పేరు వచ్చినది.

మన భాషలో ఖాళీని తెలుపు మాటలకు కొదువ లేదు. ‘ఖాళీ’ యనునది అరబ్బీలో పుట్టి, పారసీకము, ఉర్దూల మీదుగా వచ్చి మనదైపోయినది. గింజ పట్టని వడ్లు తాలు, గుజ్జు లేనిది డొల్ల, వెదురుగొట్టము బోలు, ఉండవలసినది లేకపోయినచో వెలితి. ముహూర్తములు లేని ఆషాఢ, భాద్రపద, పుష్యములు శూన్యమాసములు. సంస్కృతమున ‘శూన్య’ శబ్దమును ఉబ్బుట యను అర్థముగల ధాతువుతో ముడిపెట్టుదురు. ఉబ్బినది లోపల బోలుగా నుండును గదా! ఆ శూన్యమే గణితమున సున్న యైనది. అరబ్బుల నోట ‘సిఫ్ర్’ అయి, ఐరోపాకు పోయి ‘సైఫర్’ అనియు ‘జీరో’ అనియు రెండు పేర్లు పొందినది. అంకెగా వెళ్ళిన శూన్యమునకు ఆ ఖండమున చోటు దొరికినది. కాని నిజముగా ఏమియు లేని చోటొకటి ఉండగలదను భావమునకు మాత్రము అక్కడ చాలకాలము ప్రవేశము దొరకలేదు.

గ్రీసు దేశమున డెమోక్రిటసు మొదలగువారు, ప్రపంచమంతయు పరమాణువులును వాని నడుమనున్న శూన్యమును మాత్రమే యనిరి. అరిస్టాటిల్ దీని నంగీకరింపలేదు. అడ్డు లేని చోట కదలు వస్తువు వేగమునకు మేర యుండదు గనుక శూన్యము అసంభవమని ఆయన వాదించెను. ఆ మాట సుమారు రెండువేల యేండ్లు చెల్లుబడి యైనది. ప్రకృతి శూన్యమును సహింపదనునది పండితుల నోట సూత్రమై కూర్చున్నది. 1277లో పారిసు బిషప్పు కొన్ని సిద్ధాంతములను నిషేధించెను. జగత్తును నిలిచినచోటినుండి కదిపినచో వెనుక శూన్యమేర్పడును గనుక దేవుడైనను దానిని కదుపలేడనునది వానిలో నొకటి. శూన్యము కలదని ఆయన చెప్పలేదు. దైవశక్తికి హద్దు గీయరాదనెను. అయినను శూన్యమును ఊహించుటకు దానివలన ఒక సందు దొరికినది.

తుదకు ఈ చిక్కును విప్పినది బావినీరు. పీల్చెడి పంపు నీటిని సుమారు పది మీటర్లకు మించి పైకి తీయలేదు. గెలీలియో ఈ సంగతిని 1638 నాటి తన గ్రంథమున ప్రస్తావించెను. శూన్యము నీటిని పైకి లాగుచున్నదన్న మాట నిజమైనచో, ఆ లాగుడు పది మీటర్లకే ఏల అలసిపోవలెను? గెలీలియోకు కడపటి దినములలో తోడుగా నున్న టారిసెల్లి, నీటికి బదులు దానికి పదమూడున్నర రెట్లు బరువైన పాదరసమును తీసికొనెను. ఒక కొన మూసిన గాజుగొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు తొట్టిలో తలక్రిందుగా నిలిపినపుడు, అది కొంత దిగి సుమారు 76 సెంటీమీటర్ల యెత్తున ఆగినది. పైన మిగిలిన చోటిలో గాలి చొచ్చుటకు దారి లేదు. మనము గాలి యను సముద్రపు టడుగున బ్రతుకుచున్నామనియు, ఆ గాలి బరువే తొట్టిలోని పాదరసమును అదిమి గొట్టములోనికి నెట్టి నిలుపుచున్నదనియు ఆయన 1644లో మిత్రునకు వ్రాసెను. అనగా ఖాళీ దేనిని లాగుట లేదు. బయట నున్నదే నెట్టుచున్నది.

ఇది నిజమైనచో కొండపైన గాలి బరువు తగ్గవలెను, పాదరసము దిగవలెను. ఫ్రాన్సులో పాస్కల్ కోరికపై ఆయన బావ పెరియే 1648 సెప్టెంబరు 19న ప్యూయి ద డోమ్ అను పర్వతమెక్కి కొలిచెను. క్రింద ఒక గొట్టమును కాపలాతో ఉంచి, పైకి మరియొక గొట్టమును తీసికొనిపోయెను. శిఖరమున పాదరసము 8 సెంటీమీటర్లకు పైగా దిగినది. అసహనమనునది ప్రకృతికే యున్నచో, కొండ క్రింద ఎక్కువగను, కొండపైన తక్కువగను ఏల ఉండును?

జర్మనీలో మాగ్డెబుర్గ్ నగరము 1631లో సైన్యముల చేజిక్కి తగులబడినది. ఇరువదివేల మందివరకు మరణించిరి. ఆ విధ్వంసమును కన్నులార చూచి, చెరపడి, సొమ్ము చెల్లించి విడుదలయైన వారిలో ఆటో వాన్ గెరిక్ ఒకడు. శూన్యమైన ఆ నగరమును తిరిగి నిలబెట్టు పనిలో ఇంజనీరుగా పాల్గొని, 1646లో ఆ నగరమునకే మేయరయ్యెను. గాలిని తోడివేయు పంపును కల్పించిన వాడితడే. 1657లో, సుమారు అరమీటరు వ్యాసముగల రెండు రాగి అర్ధగోళములను అతికించి, లోని గాలిని తోడించి, ఒక్కొక్క ప్రక్క ఎనిమిదేసి గుర్రములను కట్టి లాగించెను. గోళములను విడదీయుట గుర్రములకు గగనమైనది. బిరడా త్రిప్పి గాలి విడిచినంతనే చేతితో విడిపోయినవి. ఆ గోళమునకు ఇరుప్రక్కల బయటిగాలి అదుము సుమారు రెండు టన్నులు. ఒక ప్రక్కను గోడకు కట్టి, రెండవ ప్రక్క ఎనిమిది గుర్రములతో లాగించినను ఫలితము మారదు. కాని పదునారు గుర్రములైనచో చూచువారికి వేడుక గదా!

ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్, హుక్ నిర్మించిన పంపుతో గాజుపాత్రలోని గాలిని తీయించి, అందు దారమున వ్రేలాడు గడియారపు చప్పుడు క్రమముగా సన్నగిల్లుటను గమనించి 1660లో ప్రకటించెను. మన వైశేషికులు శబ్దమును ఆకాశ గుణమనిరి. బాయిల్ ప్రయోగమున శబ్దమునకు గాలి వాహనమని తేలినది. అయితే వినిపించని ఆ గడియారము కనిపించుచునే యున్నది. వెలుగునకు ఖాళీ అడ్డు కాలేదు. వెలుగును మోయుటకు ‘ఈథర్’ అను పదార్థమొకటి అంతటను నిండియుండవలెనని పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు నమ్మిరి. 1887లో మైకెల్సన్, మార్లేలు వెదకగా దాని జాడ దొరకలేదు. రేడియో తరంగములును వెలుగు జాతివే. మాట శూన్యమును దాటలేదు. మాటను మోయు తరంగము దాటగలదు. 1935లో మైసూరున తన రేడియో కేంద్రమును నెలకొల్పిన ఆచార్య గోపాలస్వామి దానికి ‘ఆకాశవాణి’ యని పేరిడుటలోని ఔచిత్యము ఇందువలన మరింత తేటపడును. ఆ పేరే తరువాత ఆలిండియా రేడియోకు వచ్చినది.

ఖాళీని పనిలో పెట్టుట అటుపిమ్మట వేగముగా సాగినది. 1712 నాటి న్యూకమెన్ యంత్రములో ఆవిరిని చల్లార్చి ఖాళీ కలిగించినచో గాలియే ముషలకమును క్రిందికి నెట్టెడిది. 1892లో డ్యూవర్ జంటగోడల సీసాలో గోడల నడుమ గాలిని తీసివేసెను. మన ప్రయాణములలోని కాఫీ ఫ్లాస్కు దాని సంతానమే. 1901లో బూత్ వాక్యూమ్ క్లీనరును తెచ్చెను. అది దుమ్మును పీల్చునని మనమందుము; నిజమునకు గదిలోని గాలియే దుమ్మును తోసికొనుచు లోపలికి పోవును.

మన రేడియోల కథయు ఇచటనే యున్నది. 1904లో ఫ్లెమింగ్ వాల్వును కనిపెట్టెను. 1906లో డీ ఫారెస్టు దానిలో మూడవ ధ్రువమును చేర్చెను. గాజుబుడ్డిలో మిగిలిన కాస్త వాయువువల్లనే తన పరికరము పనిచేయుచున్నదని డీ ఫారెస్టు నమ్మెను. తరువాతి వారు వాయువును మరింతగా తీసివేయగా అది ఇంకను బాగుగా పనిచేసినది. పాత రేడియోల వెనుక అట్ట విప్పి చూచినవారికి, బుడ్డి లోపలి వెండిపూత జ్ఞాపకముండును. మిగిలిన వాయువును పట్టివేయుటకే ఆ పూత. పగులుపట్టి గాలి చొరబడినచో అది తెల్లబడిపోవును. వాల్వు పని ముగియును. మీట త్రిప్పిన పిమ్మట అరనిమిషము వేచి యుండగా గొంతు వినవచ్చెడి ఆ దినములలో, ఇంటిల్లిపాది చెవియొగ్గి కూర్చున్నది ఆ చిన్న ఖాళీచోట్లు వేడెక్కుట కొరకే. 1947 నాటి ట్రాన్సిస్టరు వాల్వులను ఇండ్లనుండి ‘వెకేట్’ చేయించినది. అయినను నేటి మైక్రోవేవు పొయ్యిలోని మాగ్నెట్రాన్ ఆ జాతిదే.

పత్రికలలో ఈ మాటను మరియొక తీరున వాడుదురు. పెద్ద నాయకుడు గతించినచో రాజకీయములలో శూన్యమేర్పడినదనియు, అది ఎవరినో ఒకరిని లోనికి లాగుననియు వ్రాయుదురు. మేమును వార్తలలో అట్లే చదివియున్నాము. ఈ పోలిక అరిస్టాటిల్ నాటిదే గాని టారిసెల్లి తరువాతిది కాదు. ఖాళీకి లాగెడి శక్తి లేదు. ఆ కుర్చీలోనికి ఎవరు వచ్చిరో తెలియవలెనన్నచో, బయటినుండి ఎవరు ఎంత బలముతో నెట్టుచున్నారో చూడవలెను.

‘నో వేకెన్సీ’ బోర్డును గూర్చియు ఈ మాటయే చెప్పవలసియున్నది. ఒక్క ఖాళీ ప్రకటించినచో వందలమంది వచ్చి నిలిచిరనిన, అది ఆ ఒక్క కుర్చీ ఆకర్షణ కాదు. గాలివలె కంటికి కనిపించక, గుమ్మము బయట ఎల్లప్పుడు నిలిచియున్న బరువది. టారిసెల్లి తన గొట్టములోని పాదరసమును చూచి కొలిచినది లోపలి ఖాళీని కాదు, బయటి బరువును. మనమును ఖాళీల లెక్క చూచునపుడెల్ల, ఆ రెండవ లెక్కను మరువకుండుట మంచిది.