కడుపు నిండిందన్న కబురు మెదడుకి ఎందుకు చేరదు?

లావుగా ఉన్నవాళ్లని "కాస్త నోరు కట్టుకోలేవా?" అనడం మీరు వినే ఉంటారు. ఆ మాట ఎంతవరకు కరెక్టో ఈరోజు ఎలుకల కథతో చూద్దాం.

1949లో అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో ఎంత తిన్నా ఆకలి తీరని బొద్దు ఎలుకలు పుట్టాయి. తర్వాత అక్కడే డగ్లస్ కోల్‌మన్ అలాంటి ఎలుకనీ, మామూలు ఎలుకనీ కలిపి కుట్టి, ఒకదాని రక్తం ఇంకోదానికి వెళ్లేలా చేశాడు. బొద్దు ఎలుక తిండి తగ్గించేసింది! అంటే "ఇక చాలు" అనే సిగ్నల్ రక్తంలోనే ఉందన్నమాట.

1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ టీమ్ ఆ జీన్‌ని పట్టుకుంది. దాని నుంచి వచ్చే హార్మోన్‌కి లెప్టిన్ అని పేరు పెట్టారు. మన కొవ్వు కణాలే దీన్ని రక్తంలోకి వదులుతాయి.

ఇంకేం, లావుగా ఉన్నవాళ్లకి లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే సరి అనుకున్నారు. తీరా టెస్ట్ చేస్తే, చాలామంది రక్తంలో అది ఎక్కువే ఉంది!

మరి తేడా ఎక్కడ? రక్తానికీ మెదడుకీ మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది. లెప్టిన్ పెద్ద ప్రోటీన్, దానంతటది గోడ దాటలేదు. లోపలికి మోసుకెళ్లే ఏర్పాటు ఒకటి ఉందనీ, దానికీ ఓ లిమిట్ ఉందనీ 1996లో విలియం బ్యాంక్స్ టీమ్ ఎలుకల్లో చూపించింది. బస్సు నిండిపోతే మిగతావాళ్లు స్టాండ్‌లోనే కదా! పైగా లోపలికి చేరిన లెప్టిన్ మాటని మెదడు సరిగ్గా వినకపోవడం కూడా ఉంటుంది.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి ఎవరినైనా "తిండిపోతు" అనే ముందు ఆ బస్సు గుర్తుచేసుకోండి. లోపం నోటిది కాకపోవచ్చు, దారిది కావచ్చు.