హేమంతమున బండి, దారిలో మజిలీ

నాగర్‌కర్నూలు అను పేరు ఎట్లు కలిగినదని ఆ ఊరి వృద్ధులనడిగినచో రెండు కథలు చెప్పుదురు. నాగన, కందన అను రాజసోదరుల పేర ఏర్పడినదనునది మొదటిది. రెండవది బండ్లవారి కథ: నలుదెసలనుండి వచ్చు ఎడ్లబండ్లు అచ్చట ఆగి, ఇరుసులకు కందెన పెట్టించుకొని సాగిపోవుచుండెడివట; కందెన దొరకు చోటు గావున అది కందనూలయ్యెనట. తుంగభద్రకు ఆవలి యొడ్డున నున్న కర్నూలునకును ఇట్టి కథయే కలదు. అలంపురమున గుడి కట్టుటకు రాళ్లు మోయు బండ్లు నది దాటుటకు ముందు అచ్చట ఆగి కందెన వేసికొనెడివనియు, అందుచే ఆ ఊరు కందెనవోలయ్యెననియు చెప్పుదురు. భాషాశాస్త్రజ్ఞులు ఈ వ్యుత్పత్తులను ఒప్పుకొందురో లేదో గాని, ఒక సీమలోని జనులు తమ ఊరి పేరును కోటవలనగాక, బండి ఆగిన చోటునుబట్టి స్మరించుకొనుట ఆలోచింపదగిన విషయము. బండి కదలుట ఒక యెత్తు. కదలిన బండికి ఆగుటకు చోటుండుట మరియొక యెత్తు. చక్రములమీది ఇంటి చరిత్రయంతయు ఈ రెండవదానిలోనే యిమిడియున్నదని నా యభిప్రాయము.

నేడు ఫ్రాన్సు దేశమున మంచమును, పొయ్యిని, నీటితొట్టిని ఇముడ్చుకొన్న మోటారు వాహనములలో కుటుంబములు దేశాటనము చేయుచున్నవి. వానిని అచ్చటివారు ‘కాంపింగ్ కార్’ అందురు. వేసవిలో ఈ వాహనములతో క్రిక్కిరియు బాటలు శీతకాలమున పలుచనగును. బస కల్పించు తోటలలో అనేకము శరత్తు ముగియుటతోడనే తలుపులు మూయును. మంచు పట్టి గొట్టములు పగులునను భయముచే నీటికొళాయిలను కట్టివేయుదురు. వంటకు వాడు బ్యూటేన్ వాయువు సున్న డిగ్రీల చలిలో సీసానుండి లేవదు గనుక ప్రొపేనును వెంట గొనిపోవలెను. 2021 మొదలుకొని, పర్వతప్రాంతములలో పెక్కు గ్రామములయందు నవంబరు 1 నుండి మార్చి 31 వరకు మంచుకు తగిన చక్రములో, గొలుసులో ఉండితీరవలెనని శాసనము కూడ కలదు. అచ్చట చలి దారిని మూయును. నాగర్‌కర్నూలున్న మన పాలమూరు సీమలో చలి దారిని తెరచును. ఈ వైపరీత్యమునుండియే మన కథ ఆరంభమగుచున్నది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, అలంపురము ప్రాంతమున నల్లరేగడి విస్తారముగా కలదు. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపున ఎఱ్ఱచెలక లెక్కువ. శ్రావణ భాద్రపదములలో రేగడిలో దిగిన బండిచక్రము కుండ వఱకు కూరుకొనిపోవును; ఏరులు పొంగును; కృష్ణను దాటింపవలసిన పుట్టి నడువదు. వేసవిలోనన్ననో దారిబావులెండి, ఎద్దు నోరు తడుపుటయే దుర్లభమగును. ఈ రెంటికి నడుమ, వానపైరు ఇంటికి చేరి, నది నెమ్మదించి, బాట గట్టిపడు కార్తికము మొదలు మాఘము వఱకు గల నాలుగు నెలలే బండికి రాజ్యము. మన జాతరల తిథులను గమనింపుడు: కార్తికమున కురుమూర్తి, మార్గశీర్షమున మల్దకల్ తిమ్మప్ప, సంక్రాంతికి సింగోటము నరసింహస్వామి, మాఘమున గద్వాల చెంత జమ్మిచేడు జమ్ములమ్మ. ఇవన్నియు దైవనిర్ణయములే యని భక్తులందురు. కాని బాట ఎండుటకును, దేవుడు పిలుచుటకును ఇంత చక్కని పొత్తు కుదురుట యాదృచ్ఛికమని తోచదు.

జాతరకు కదలు బండిని ఒక్కమారు చేరువనుండి చూతము. బయలుదేరుటకు ముందునాడే యజమాని చక్రమునూడదీసి, గడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి ఇరుసునకు పట్టించి, శీల బిగించును. ఈ సీమ ఆముదపు పంటకు పుట్టినిల్లు గావున కందెనకు కొదువ లేదు. వెదురు దబ్బలను విల్లువలె వంచి, పైన చాపయో గోనెపట్టయో కప్పినచో గూడుబండి యగును. కలవారి యింట నైనచో, సవారి కొఱకే చేయించిన కచ్చరము సిద్ధముగానుండును. లోపల అడుగున వరిగడ్డి పఱచి, దానిపై గొంగడి వేసి, ముసలివారిని పిల్లలను వెచ్చగా నడుమ కూర్చుండబెట్టుదురు. బండి వెనుక కట్టిన సంచిలో జొన్నరొట్టెలు, పల్లీలపొడి, ఎండుమిరపకాయలు. బండి క్రింద వ్రేలాడు కడవలో నీరు, దాని ప్రక్కన లాంతరు. రాత్రి మూడవజామున చలి కొఱుకుచుండగా ఎడ్ల మెడలలోని గంటలు మ్రోగుచు ఒకదానివెంట నొకటి సాగు బండ్లలో, ముందుబండి తోలువాడొక్కడు మేల్కొన్న చాలును. తక్కినవారు కునుకుదీసినను ఎడ్లు వరుస తప్పవు. తెల్లవారుసరికి ఒక చెఱువుగట్టున బండ్లు విప్పి, మూడు రాళ్ల పొయ్యి రాజవేసినప్పుడు ఆ బండియే వంటిల్లు, అదియే పడకటిల్లు. నేటి ఫ్రెంచివాని వాహనమునకు దీనికంటె అధికముగా నున్నది యంత్రమే గాని భావము గాదు.

అసలు ఫ్రెంచివాడొకడు మన బండ్లనుగూర్చి ఏనాడో గ్రంథస్థము చేసినాడు. 17వ శతాబ్దిలో వజ్రవ్యాపారమునకై పలుమార్లు భారతదేశమునకు వచ్చి, గోలకొండ రాజ్యమున తిరిగిన జాఁ బాప్తీస్త్ తావెర్నియే 1676లో ప్రకటించిన యాత్రాగ్రంథమున ఈ దేశమున గుఱ్ఱములకు బదులుగా ఎద్దులే ప్రయాణసాధనములని వివరించెను. రెండెడ్ల సవారిబండికి దినమునకు ఇంచుమించు ఒక రూపాయి బాడుగ యనియు, సూరతునుండి గోలకొండకు దాదాపు నలువది దినముల పయనమునకు నలువదినుండి నలువదియైదు రూపాయలగుననియు, ఎడ్లకు గోధుమపిండిని వెన్నతోను బెల్లముతోను కలిపి ముద్దలు పెట్టుదురనియు ఆతడు లెక్కలు వ్రాసెను. గోలకొండకు ఐదు దినముల దూరమున నున్నవని ఆతడు చెప్పిన రావల్కొండ వజ్రపు గనులను పండితులు వేర్వేరు తావులలో గుర్తించినను, అవి కృష్ణకు దక్షిణముననే యుండుటవలన, గోలకొండనుండి అచ్చటికి పోవువాని దారి పాలమూరు సీమమీదుగానే యుండవలెను. కావున ఫ్రాన్సునుండి మనము నేర్చుకొనిన వినోదముగా నేడు కానవచ్చు బండిప్రయాణమును, మూడువందలయేండ్లకు పైబడిన కాలమునాడే ఒక ఫ్రెంచివాడు మనవద్ద నేర్చుకొనిపోయెనని చెప్పుట అతిశయోక్తి గానేరదు.

ఇక ఈ సీమను గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములు ఏలినవి. గద్వాల ప్రభువులు కార్తిక మాఘ మాసములలో విద్వత్సభలు జరుపుటచే ఆ ఊరికి ‘విద్వద్గద్వాల’ అను ఖ్యాతి వచ్చినది. సభలకు ఈ మాసములనే యేర్పఱచుటలో పుణ్యకాలమను భావము కలదు. దానితోపాటు, దూరదేశములనుండి పండితుడు బండిలోనో కాలినడకనో వచ్చి చేరగల కాలము గూడ అదియే కదా. తిరుపతి వేంకటకవులు సైతము ఈ సంస్థానములను దర్శించి అవధానములు చేసినవారే. పండితునకు సంభావన ముఖ్యమేగాని, దానికి పూర్వమే ఆతనికి దారిలో సత్రము, ఊర విడిది, ఎద్దులకు మేత సమకూరవలెను. ఆ మూడును సమకూర్చుటచేతనే సంస్థానములు సాహిత్యపోషకములైనవి.

మజిలీ విలువను ఏనుగుల వీరాస్వామయ్యకంటె బాగుగా ఎఱిగినవాడు లేడు. మదరాసు సుప్రీముకోర్టున ద్విభాషిగా నుండిన ఆయన 1830 మే 18న బయలుదేరి, పల్లకీలు, డేరాలు, నూఱుమందికి తగ్గని పరివారముతో శ్రీశైలము దర్శించి, కృష్ణను దాటి, ఈ సంస్థానములమీదుగా హైదరాబాదు చేరి, కాశికేగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరుకొనెను. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ను చదివినవారికి దేవాలయములకన్న నెక్కువగా జ్ఞప్తియందుండునది దినదినమును ఆయన వ్రాసిన మజిలీల వివరమే: ఏ ఊర దిగుటకు వసతి కలదు, నీరెట్టిది, అంగళ్లున్నవా, దారి ఇసుకయా గులకయా. అది తరువాతి బాటసారులకు దారిచూపవలెనను తలంపుతో వ్రాసిన వ్రాత. నేడు ఫ్రాన్సున బండ్లవారు ఏ ఊర రాత్రి ఆగవచ్చును, ఎచ్చట నీరు దొరకునని చేతిలోని ఫోనున చూచుకొనునది గూడ ఈ లెక్కయే.

కాని చక్రములమీదనో, ఎద్దుల వీపుమీదనో జీవితమంతయు గడపినవారు వేఱొకరు కలరు. పదివేలు, పండ్రెండువేలు ఎద్దులతో ధాన్యమును, ఉప్పును మోసికొనిపోవు బంజారాలను తావెర్నియే చూచి ఆశ్చర్యపడెను. రైలు వచ్చినతోడనే వారి వర్తకము కూలినది. పాలకులు దేశదిమ్మరి జాతులను అనుమానదృష్టితో చూచిరి. బ్రిటిషిండియాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టము పలుజాతుల సంచారమునకు సంకెల వైచినది. స్వాతంత్ర్యానంతరము 1952లో గాని అది తొలగలేదు. ఫ్రాన్సున గూడ 1912 నాటి శాసనము సంచారజాతులవారిని శరీరపు కొలతలతో కూడిన గుర్తింపు పుస్తకమును చేతబట్టి ఊరూర చూపవలసినదిగా శాసించినది. సరదాకు బండి కట్టినవానికి బాట పరచిన ప్రభుత్వములు బ్రతుకునకు బండి కట్టినవానికి కాపలా పెట్టుట ఉభయదేశములయందును జరిగినది. నేడు మన బంజారాల తండాలలో పెక్కు 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముచే గ్రామపంచాయతీలైనవి. అనగా శతాబ్దములు కదలిన ఇంటికి తుదకు స్థిరమైన చిరునామా దొరికినది. ఫ్రాన్సు మరియొక దారి త్రొక్కి, 2000లో చేసిన శాసనముచే ఐదువేలకు మించిన జనము గల ప్రతి పట్టణమును సంచారజాతులకు విడిదిస్థలము కల్పింపవలెనని నిర్ణయించినది.

వినోదార్థమైన సంచారగృహము ఐరోపాలో అంత ప్రాచీనమేమియు గాదు. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు ‘వాండరర్’ అను గుఱ్ఱపుబండి ఇంటిని చేయించుకొని బ్రిటనున పర్యటించుటతో అది ఆరంభమైనదని చెప్పుదురు. ఫ్రాన్సున 1936లో పనివారికి వేతనముతో కూడిన రెండు వారముల సెలవు లభించిన తరువాతనే దేశాటనము సామాన్యుని సొత్తయ్యెను. 1950లో వోక్స్‌వాగన్ వారు విడుదలచేసిన చిన్న వ్యాను ఇంటికి చక్రములమర్చుటను సులభము చేసినది. వాహనములు పెరిగిన పిమ్మట ఫ్రెంచి పురపాలకులు వానికై ‘ఎర్’ అని పిలువబడు విడిదిచోటులు నిర్మింపసాగిరి: మంచినీరు నింపుకొనుటకు కొళాయి, మురికినీరు వదలుటకు కాలువ, రాత్రి నిలుపుటకు చదును నేల. చలికాలమున బస తోటలు మూసినను ఈ చోటులలో పెక్కు తెరచియుండుటవలననే అచ్చట శీతయాత్ర సాధ్యమగుచున్నది. యంత్రము చలిని సగమే జయించినది. మిగిలిన సగమును జయించినది మజిలీయే.

మన సీమలో బండిదారి రైలుచే, బస్సుచే మాఱినది. సికిందరాబాదునుండి పాలమూరు, గద్వాలలమీదుగా కర్నూలునకు సాగిన రైలుమార్గమున వనపర్తికి దగ్గరలోని స్టేషను ‘వనపర్తి రోడ్డు’ పేర మదనాపురము చెంత నుండుటచే, రైలు దిగినవాడు మఱల బండి యెక్కక తప్పెడిది కాదు. 1932 జూనులో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డురవాణాను ఆరంభించిరి. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, అలంపురము చౌరస్తాలమీదుగా సాగు నేటి 44వ జాతీయ రహదారిలో వానాకాలము, చలికాలము అను భేదమే లేదు. శ్రీశైలయాత్రికుని నేడు ఆపునది బురద గాదు: అమరాబాదు పులుల అభయారణ్యమును కాపాడుటకు రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆఱువఱకు మూయబడు మన్ననూరు గేటు.

దారి సుగమమైనను పాలమూరువాసి ప్రయాణము సుఖముకొఱకే యనరాదు. పంట చేతికి రాని యేడు దసరా దాటగానే మూటాముల్లె సర్దుకొని, ఆనకట్టలు కట్టుటకు దేశమెల్ల తిరిగిన ‘పాలమూరు లేబరు’ చరిత్రయు చలికాలపు ప్రయాణచరిత్రలోనిదే. వారి గుడిసెకు చక్రములు లేవు. అయినను ఆనకట్ట పూర్తియైనంతనే అది కదలవలసినదే. గొఱ్ఱెలను తోలుకొని కృష్ణాతీరమునకు వలసపోవు గొల్ల కురుమల దారియు ఇట్టిదే.

ఇప్పుడు కార్తికమున కురుమూర్తి కొండ క్రిందికి పోయి చూచినచో ఎడ్లబండ్లు అరుదైనవి గాని గూడుబండి పోలేదు. ట్రాక్టరు ట్రాలీకి ఇనుపచువ్వలు వంచి, పైన టార్పాలిను కప్పి, అడుగున అదే వరిగడ్డిని, దానిపై అదే గొంగడిని పఱచి, గ్యాసుపొయ్యితో వచ్చిన కుటుంబములు స్వామి ఉద్దాల (పాదుకల) ఉత్సవము కన్నులార చూచి, ఆ ట్రాలీలోనే నిద్రించి పోవుచున్నవి. మన క్యాంపరు వ్యాను ఇదియే. దీనికి ఎవ్వరును విదేశముపేరు పెట్టలేదు గనుక మనమెఱుగకున్నాము. 2020 నవంబరులో అలంపురమున తుంగభద్ర పుష్కరములు చలిలోనే జరిగినవి. జలాశయము నిండిన యేడు సోమశిలనుండి శ్రీశైలమునకు లాంచి నడచును. చూడదగిన చోటులకు కొఱత లేదు. లేనిదేమనగా, ఈ ట్రాలీ రాత్రికి ఆగిన చోట ఒక కొళాయి, స్త్రీలకు మఱుగుదొడ్డి, ఒక దీపము. నాడు బండ్లవానికి ఒక ఊరు కందెన నిచ్చినందుకే ఆతడు ఆ ఊరికి పేరు పెట్టి పోయెనట. నేడు ఆ మూడింటిని ఇచ్చిన ఊరిని మాత్రము బాటసారి మఱచునా?