పొగ వెంట పోయిన వేడి: 18వ శతాబ్దపు పొదుపు పొయ్యిలు

తెలుగునాట చలికాలాన్ని కుంపటితోనో నెగడుతోనో గడిపేయవచ్చు. నెలల తరబడి మంచు కురిసే దేశాలలో ఇంటిని వెచ్చగా ఉంచడమే గృహస్థుకు పెద్ద ఖర్చు. ఐరోపా, అమెరికాలలో 18వ శతాబ్దం నాటికి ఈ ఖర్చు ఇంటి సమస్యగానే కాక రాజ్యాల సమస్యగా కూడా మారింది. అడవులు తరిగిపోయాయి. నగరాలకు, ఇనుము కరిగించే కొలుములకు కలప, కట్టెబొగ్గు పెద్ద ఎత్తున అవసరమయ్యాయి.

అసలు లోపం గోడలో కట్టిన వెడల్పాటి పొయ్యిలో ఉంది. ఆ పొయ్యిలో మంట గదిలోని వెచ్చని గాలిని లాగి పొగగొట్టం గుండా ఆకాశానికి పంపుతుంది. ఆ లోటును పూడ్చడానికి తలుపుల సందుల నుండి చలిగాలి లోపలికి వస్తుంది. మంట పెంచిన కొద్దీ గాలి లాగుడూ పెరుగుతుంది. అందువల్ల పొయ్యి ముందు కూర్చున్నవారికి ముఖం కాలుతుంది, వీపు గడ్డకడుతుంది. కట్టెలకు పెట్టిన డబ్బులో అధికభాగం పొగతోపాటే పోయేది.

ఈ నష్టాన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1744లో ఫిలడెల్ఫియాలో ముద్రించిన చిన్న పుస్తకంలో వివరించాడు. నూరేళ్ల క్రితం ఇంటి గుమ్మం ముందే దొరికిన కట్టెలను ఇప్పుడు కొన్ని పట్టణాలకు దాదాపు నూరు మైళ్ల దూరం నుండి తేవలసి వస్తోందని అందులో వాపోయాడు. ఆయన రూపొందించిన ఇనుప పొయ్యిలో పొగ ఒక అడ్డుపలక మీదుగా ఎక్కి, వెనుక కిందికి దిగి, ఆ తరువాతే గొట్టంలో చేరుతుంది. ఈలోగా ఇనుము వేడెక్కి గదికి వేడినిస్తుంది. ఆలోచన గొప్పదే గాని, పొగ కిందికి దిగడానికి సహజంగా ఇష్టపడదు. గొట్టం బాగా వేడెక్కకపోతే పొగ గదిలోకే తిరిగి వచ్చేది. తరువాతివారు ఆ దారిని మార్చి సరళం చేశారు. నేడు ఫ్రాంక్లిన్ పేరుతో చలామణి అయ్యే పొయ్యిలు చాలావరకు ఆ మార్పుల ఫలితాలే. పెన్సిల్వేనియా గవర్నరు ఇవ్వజూపిన పేటెంటును ఫ్రాంక్లిన్ నిరాకరించాడు. లండనులో ఒక ఇనుప వర్తకుడు అదే నమూనాకు స్వల్ప మార్పులు చేసి, పేటెంటు పొంది, లాభం గడించాడని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు.

స్వీడన్‌లో ఈ పనికి ప్రభుత్వమే పూనుకుంది. కట్టెల పొదుపు కోసం కార్ల్ యోహాన్ క్రూన్‌స్టెడ్ట్, ఫాబియన్ వ్రేడే 1767లో కొత్త ఇటుక పొయ్యిని రూపొందించారు. అందులో పొగ నిలువు దారుల గుండా పైకి కిందికి తిరిగి, తన వేడిని ఇటుకలకు వదిలి, చల్లబడి బయటకు పోతుంది. కాసేపు గట్టిగా మండిస్తే గంటల తరబడి గోడలు వెచ్చగా ఉంటాయి. మంట ఆరాక గొట్టంలోని మూతను మూయాలి. తొందరపడి ముందే మూస్తే విషవాయువు గదిలో నిండి ప్రాణాలు తీస్తుంది. పొదుపుకు ఈ జాగ్రత్త కూడా ఒక వెల.

మూడవవాడు బెంజమిన్ థాంప్సన్, అంటే కౌంట్ రంఫర్డ్. ఫ్రాంక్లిన్‌లాగానే ఇతడూ మసాచుసెట్స్‌లో పుట్టాడు. అయితే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇద్దరూ ఎదురెదురు పక్షాల్లో నిలిచారు. రంఫర్డ్ 1796లో ప్రకటించిన వ్యాసం కొత్త యంత్రాన్ని ప్రతిపాదించలేదు. ఉన్న పొయ్యినే సరిదిద్దమన్నది: పొగగొట్టపు గొంతును నాలుగు అంగుళాలకు కుదించాలి, పొయ్యి లోతు తగ్గించాలి, పక్కగోడలను ఏటవాలుగా కట్టి వేడిని గదిలోకి మళ్లించాలి. లండను మీద కమ్ముకున్న నల్లని మేఘం కాలకుండా పోయిన బొగ్గేనని ఆయన నమ్మకం. ముగ్గురి మార్గాలలో ఇదే చౌకైనది, అందుచేత ముఖ్యమైనది కూడా. దీనికి కావలసినవి కొన్ని ఇటుకలు, సున్నం, పని తెలిసిన ఒక తాపీమేస్త్రీ.

అయినా ఇది ముందుగా ఎవరి ఇంట చేరింది? జేన్ ఆస్టెన్ నవల 'నార్తాంగర్ ఆబీ' ఇందుకు మంచి సాక్ష్యం. పాత మఠంలో విశాలమైన, బరువైన చెక్కడాల పొయ్యిని ఊహించుకుని వచ్చిన కథానాయిక కాథరిన్‌కు కుదించిన రంఫర్డ్ పొయ్యి, పాలరాతి పలకలు, పింగాణీ అలంకారాలు కనిపించి నిరాశ కలుగుతుంది. పొదుపు కోసం పుట్టిన పొయ్యి ఆ సంపన్న జనరల్ ఇంట్లో నాగరికతకు గుర్తుగా మారింది. చవక పొయ్యి ధనికుని ఇంట ముందు వెలగడం వింతగా తోచవచ్చు గాని, అందుకు కారణం ఊహించలేనిది కాదు. ఇటుకల ఖర్చు స్వల్పమే. కాని అద్దె గదిలో ఉండేవాడికి పొయ్యి గోడను తాకే హక్కు లేదు. గోడ యజమానిది, బొగ్గు ఖర్చు అద్దెదారుది. గొంతు కుదిస్తే మిగిలే డబ్బు యజమాని చేతికి రాదు కనుక, మేస్త్రీని పిలిపించే తొందర అతనికి ఉండదు.