పది ఆంపియర్ల కాపలా

1908లో కారున్న ఆసామి రాత్రిపూట బయటికి కదలాలంటే ముందు దీపాల సంగతి చూసుకోవాలి. కారు పక్కన బిగించిన ఇత్తడి డబ్బాకి రెండు అరలు. కింద కార్బైడ్ ముక్కలు, పైన నీళ్లు. చిన్న మర తిప్పితే నీళ్లు చుక్కచుక్కగా కార్బైడ్ మీద పడతాయి, బుసబుసమంటూ అసిటిలిన్ వాయువు పుడుతుంది, రబ్బరు గొట్టం గుండా దీపంలోకి చేరుతుంది. అప్పుడు దీపం అద్దం తలుపు తెరిచి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి అగ్గిపుల్ల గీయాలి. చలి దేశాల్లో డబ్బాలోని నీళ్లే గడ్డకట్టేవి. తెల్లారాక అడుగున మిగిలిన సున్నపు బురదని గోకి కడగడం డ్రైవరు వంతు. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడకూడదని ఇప్పుడు మన చట్టం నిషేధించిన కార్బైడ్ ఇదే. ఆ రోజుల్లో మాత్రం అది షోకు.

ఈ బెడద తప్పించి సొమ్ము చేసుకున్నవాళ్లు అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్. 1904లో వాళ్లు మొదలుపెట్టిన ప్రెస్ట్-ఓ-లైట్ కంపెనీ అసిటిలిన్‌ని సిలిండర్లలో నింపి అమ్మింది. ఖాళీ సిలిండరు ఇచ్చి నిండుది తీసుకోవడమే, మన వంటగ్యాసు పద్ధతి. సిలిండర్లు నింపేచోట పేలుళ్లు జరిగినా వ్యాపారం ఆగలేదు. 1909లో ఇండియానాపొలిస్ రేసు ట్రాక్ కట్టినవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు.

ఎడిసన్ బల్బు 1879 నాటిది గదా, కారుకి అంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? అడ్డంకి రెండు చోట్ల ఉంది. ఆనాటి కార్బన్ తీగ గతుకుల రోడ్డు మీద నిలిచేది కాదు, ఒక్క కుదుపుకి పుటుక్కున తెగేది. సాగదీసినా తెగని టంగ్‌స్టన్ తీగని విలియం కూలిడ్జ్ సాధించేసరికి 1910 వచ్చింది. రెండోది ఇంకా పెద్ద చిక్కు: బ్యాటరీని నడుస్తూ నడుస్తూనే ఛార్జి చేసే ఏర్పాటు అప్పటికి కుదురుకోలేదు. బ్యాటరీ అయిపోతే నడిరోడ్డు మీద చీకటే.

ఆ ముడి విప్పినవాడు చార్లెస్ కెటరింగ్. తమాషా ఏమిటంటే ఆయన బుర్రలో మొదట ఉన్నది దీపం కాదు, ఇంజను స్టార్ట్ చేయడం. అప్పట్లో కారు ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాలి. ఇంజను ఎదురు తన్నిందా, మణికట్టో దవడో విరిగేది. కార్ల తయారీదారు బైరన్ కార్టర్ అలాంటి దెబ్బతోనే మంచాన పడి పోయాడనీ, ఆ బాధతో కాడిలాక్ అధిపతి హెన్రీ లేలండ్ హ్యాండిల్ వద్దనుకున్నాడనీ చెప్పుకుంటారు. కథలో అతిశయోక్తి ఎంతున్నా, హ్యాండిల్ చేతులు విరగ్గొట్టేదన్నది నిజం.

కెటరింగ్ అంతకుముందు నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో దుకాణాల గల్లాపెట్టెకి కరెంటు మోటారు పెట్టాడు. గల్లా తెరవడానికి మోటారు గంటల తరబడి తిరగక్కర్లేదు, క్షణకాలం గట్టిగా లాగితే చాలు. ఇంజను తిప్పాలంటే మోటారు కూడా ఇంజనంత ఉండాలని పండితులు వాదిస్తుంటే, ఆయన ఈ కిటుకునే పట్టుకున్నాడు. డేటన్ ఊళ్లో ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనక కొట్టంలో, ఉద్యోగం వేళ దాటాక స్నేహితులతో కలిసి పనిచేశాడు. ఆ కొట్టంలో పుట్టిందే డెల్కో కంపెనీ. 1911 ఫిబ్రవరిలో కాడిలాక్ కారు మీద సెల్ఫ్ పనిచేసి చూపించింది. 1912 మోడల్ కాడిలాక్‌లకి అది అమరింది. స్టార్ట్ చేసేటప్పుడు 24 వోల్టులతో మోటారుగా తిరిగే యంత్రమే ఇంజను అందుకున్నాక జనరేటరుగా మారి, 6 వోల్టుల దగ్గర బ్యాటరీని నింపేది. ఆ బ్యాటరీతోనే దీపాలు. మరుసటి ఏడు, 1913లో, జర్మనీలో బాష్ కంపెనీ కూడా జనరేటరు, రెగ్యులేటరు, హెడ్‌లైట్లు కలిపి ఒక సెట్టుగా అమ్మకానికి పెట్టింది.

ఫోర్డ్ దారి వేరు. 1915 నుంచి మోడల్-టీ కారుకి కరెంటు హెడ్‌లైట్లు పెట్టాడు గానీ, వాటిని ఇంజను మాగ్నెటోకే నేరుగా తగిలించాడు. వేగం పెరిగితే వెలుగు, తగ్గితే గుడ్డిదీపం. బ్యాటరీ లేని పాత బజాజ్ చేతక్ నడిపినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మలుపులో గేరు మార్చేసరికి, సరిగ్గా గొయ్యి కనబడాల్సిన చోట, లైటు కునికేది. క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ తిప్పితే మళ్లీ వెలుతురు.

బ్రిటన్‌లో ఈ వ్యాపారానికి చిరునామా జోసెఫ్ లూకాస్. బర్మింగ్‌హామ్ వీధుల్లో తోపుడుబండి మీద దీపాల నూనె అమ్మిన మనిషి, తరవాత సైకిలు లాంతర్లు చేశాడు; 1902లో ఆయన పోయాక కంపెనీ మోటారు వాహనాల డైనమోలూ హెడ్‌లైట్లలో మహావృక్షమైంది. అభిమానులు ఆ కంపెనీకి పెట్టిన ముద్దుపేరు ‘చీకటి రాకుమారుడు’. లూకాస్ స్విచ్చికి మూడే స్థానాలట: ఆఫ్, డిమ్, మిణుకు. జోకు బాగుంది, న్యాయంగా మాత్రం లేదు. వానలో తడిసి, తుప్పెక్కి, ఏళ్ల తరబడి ఎవరూ విప్పి చూడని తీగల పాపం తయారీదారు నెత్తిన పడింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన మన అంబాసిడర్ ఆ బ్రిటిష్ వైరింగ్ సంప్రదాయంలోదే. 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ మొదలయ్యాక ఆ సరుకు ఇక్కడే తయారైంది.

తుప్పు కథ కాస్త దగ్గరగా చూడాలి. బండిలో ప్రతి బల్బుకీ రెండు తీగలు లాగరు. ఒకటి వెళ్లడానికి, తిరిగి రావడానికి బండి ఇనుప ఒళ్లే దారి. దాన్నే ఎర్త్ అంటారు. ఆ ఎర్త్ స్క్రూ కింద తుప్పు చేరితే కరెంటు పూర్తిగా ఆగదు, నలిగి వస్తుంది. బల్బుకి చేరే వోల్టేజి పదోవంతు తగ్గితే మామూలు తీగ బల్బు వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అందుకే బల్బు మార్చినా డిమ్ముగానే వెలుగుతుంది, యజమాని బల్బు కంపెనీని తిడతాడు. వెనక లైట్ల ఎర్త్ పోతే ఇంకా వింత: బ్రేకు నొక్కితే పార్కింగ్ లైటు మసగ్గా వెలుగుతుంది, ఇండికేటరు వేస్తే పక్క బల్బు దానితో తాళం వేస్తుంది. తన దారి మూసుకుపోయిన కరెంటు పక్కవాడి బల్బులోంచి ఇంటికి పోతోందన్నమాట. అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ ఏదీ విప్పడు. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక విడి తీగ తెచ్చి లైటు ఎర్త్‌కి ఆనిస్తాడు. వెలుగు ఎగిసిందా, జబ్బు దొరికినట్టే. ఆ తరవాత గరుకు కాగితం, స్క్రూడ్రైవరు, కాస్త గ్రీజు.

ఫ్యూజు కారు కంటే పాతది. ఫ్రెంచివాడు లూయీ బ్రెగే 1847లో టెలిగ్రాఫ్ ఆఫీసుల్ని పిడుగుల నుంచి కాపాడటానికి దారిలో సన్న తీగ వేయమన్నాడు. ఎడిసన్ 1890లో ఫ్యూజుకి పేటెంటు పుచ్చుకున్నాడు. కార్లలోకి అది మొహమాటంగానే వచ్చింది. మోరిస్ మైనర్ కారు మొత్తానికి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకి అసలు లేనే లేదు. రాత్రి మలుపులో ఫ్యూజు పోయి రెండు లైట్లూ ఒక్కసారి ఆరిపోవడం కంటే తీగ కాలే ప్రమాదమే నయమనుకున్నారు కాబోలు. ఇప్పటి చాలా కార్లలో కుడి లైటుకొకటి, ఎడమ లైటుకొకటి పెట్టి ఆ చిక్కు తీర్చారు. గాజు గొట్టం ఫ్యూజుల స్థానంలో 1976లో లిటెల్‌ఫ్యూజ్ కంపెనీ రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజు తెచ్చింది. రంగు చూస్తే లెక్క తెలిసిపోతుంది: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పోయిన ఫ్యూజుకి సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి బండి నడిపించిన డ్రైవర్లు మన హైవేల మీద తక్కువేం కాదు. గమ్యం చేరినవాళ్లు ఆ కథ చెబుతారు, దారిలో వైరింగ్ అంటుకున్నవాళ్లు చెప్పరు.

బ్యాటరీ విషయంలో తెలుగు నేలకి సొంత అధ్యాయమే ఉంది. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా, తిరుపతి దగ్గర కరకంబాడి నుంచి మొదట పరిశ్రమల బ్యాటరీలు చేసింది. తరవాత వచ్చిన అమరాన్ కార్ల బ్యాటరీతో ఇంటింటి పేరైంది. లోపలున్నది మాత్రం 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే చేసి చూపిన సీసం-ఆమ్లం జోడీయే.

మళ్లీ హెడ్‌లైట్ల దగ్గరికొస్తే, 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకి ఇంజను తిరిగినంతసేపూ హెడ్‌లైటు వెలగడం తప్పనిసరి అయింది. ‘పగలు లైటెందుకు బాబూ’ అని ఎదురుగా వచ్చేవాళ్లు చేతివేళ్లు ఆడించి సైగ చేసే అలవాటు ఆ తరవాత కూడా కొన్నాళ్లు పోలేదు.

ఇక వెలుగు చాల్లేదని షాపుకెళ్లి ఎక్కువ వాట్ల బల్బు అడిగేవారికి ఒక లెక్క. కార్లలో మామూలుగా వచ్చే హెచ్4 బల్బు హై బీమ్‌లో 60 వాట్లు. 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తాగుతుంది, రెండూ కలిసి పది. అదే చోట 100 వాట్ల జత వేస్తే దాదాపు 17 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా కాదు, దాని వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అదే తీగ సుమారు మూడు రెట్లు వేడెక్కుతుంది. ఎదుటి డ్రైవరు కళ్లు చీకట్లు కమ్మడం అదనం. కాబట్టి వానాకాలం ముందు ఒకసారి బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పట్టిందేమో చూడండి, ఎర్త్ స్క్రూలు బిగించండి, పసుపెక్కిన హెడ్‌లైటు అద్దం పాలిష్ చేయించండి. చాలా బళ్లలో పోయిందనుకున్న వెలుగు సగం అక్కడే దొరుకుతుంది. ఫ్యూజు పోతే మాత్రం పది తీసిన చోట పదే పెట్టండి. అది కూడా పోతే ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి.