పెరటితోటలో దోమల నివారణ

దోమ పుట్టేది చెట్లలో కాదు, నిలిచిన నీటిలో. పెరటిలోని పచ్చదనం దానికి విశ్రాంతి స్థానం మాత్రమే. వెచ్చని వాతావరణంలో గుడ్డు రెక్కల దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. అందువలన నిలువ నీటిని వారానికొకసారి పారబోస్తే ఆ చక్రం తెగిపోతుంది.

డెంగ్యూ, చికున్‌గున్యా వ్యాధులను వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. మురుగు కాలువ కంటె శుభ్రమైన నీరు నిలిచే చిన్న పాత్రలే దానికి అనుకూలం. పూలకుండీ కింది పళ్ళెం, పాత టైరు, పక్షులకు పెట్టిన నీటి మూకుడు, మూతలేని తొట్టి ఇటువంటివే. యానాం వంటి కోస్తా ఊళ్ళలో వాన వెలిసిన పిదప కొబ్బరిచిప్పలను, తాగి పారవేసిన బోండాలను కూడా చూడాలి.

ఏడిస్ గుడ్లు పాత్ర లోపలి గోడకు అంటుకొని, నీరు ఎండినా నెలల తరబడి జీవించగలవు. మళ్ళీ నీరు తగిలితే పిల్లలవుతాయి. కనుక పాత్రను పీచుతో రుద్ది కడిగి, ఎండబెట్టి, బోర్లించాలి.

ఖాళీ చేయ వీలులేని నీటితొట్టిలో గప్పీ చేపలను పెంచవచ్చు. అవి లార్వాలను తింటాయి. వాటిని చెరువులలో, వాగులలో విడువరాదు. అవి విదేశీ జాతి. తోటకుంటలోని అంతరతామరను తీసివేయాలి. మాన్సోనియా దోమ లార్వాలు దాని వేళ్ళను పట్టుకొనియే శ్వాసిస్తాయి.

తులసి, నిమ్మగడ్డి నాటినంత మాత్రాన దోమలు పోవు. ఏడిస్ సాధారణంగా పుట్టినచోటికి కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే కుట్టిన దోమ ఆ ఇంటిదో, పొరుగింటిదో అయి ఉంటుంది. వీధివారందరూ ఒకేరోజున తొట్లు కడిగినప్పుడే పూర్తి ఫలితం దక్కుతుంది.