కాపలా ఖర్చు

'దత్తమండలాలు' అనే మాటని బడిలో సాంఘికశాస్త్రం పాఠంలో చదివి వదిలేశాను. నిజాం ఇచ్చాడు, ఇంగ్లీషువాళ్ళు పుచ్చుకున్నారు, అంతే. మొన్నామధ్య అంతర్జాతీయ రాజకీయాల్లో పోషక–ఆశ్రిత సంబంధాల గురించి చదువుతుంటే ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. దేనికి బదులుగా ఇచ్చాడు? ఎవరిది ఇచ్చాడు?

ఈ పోలిక రోమ్ నుంచి వచ్చింది. అక్కడ పెద్దింటివాడిది రక్షణ, అతని నీడన బతికేవాడిది విధేయత. పరాయి రాజ్యాలతో కూడా రోమ్ ఇదే పద్ధతిలో మెలిగిందని ఎర్న్‌స్ట్ బాడియన్ 1958లో వాదించాడు. తర్వాత కొందరు చరిత్రకారులు దాన్ని ఒప్పుకోలేదు. 1984లో షూమేకర్, స్పానియర్ ఈ చట్రాన్ని ప్రచ్ఛన్నయుద్ధానికి అన్వయించారు. ఆ చర్చలో నాకు పనికొచ్చింది ఒకటే: ఇది దానం కాదు, బేరం. పెద్దవాడికి కావలసినదేదో తన దగ్గర ఉన్నంతకాలం చిన్నవాడికీ బేరమాడే బలం ఉంటుంది.

నిజాం అలీఖాన్‌కి ఆ బలం కొన్నాళ్ళు ఉండేది. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలు ఆయన్ని ఓడించినప్పుడు కంపెనీ చేతులు ముడుచుకుని కూర్చుంది. దాంతో ఆయన ఫ్రెంచి సేనాని రేమండ్ కింద ఉన్న పటాలాలను పెంచుకున్నాడు. వాటికి జీతమిచ్చేది నిజామే, అయినా కంపెనీకి అవి కంట్లో నలుసు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరులో కొత్త సంధి కుదిరింది: కంపెనీ ఆరు పటాలాలు ఇస్తుంది, నిజాం ఏటా 24 లక్షల పైచిలుకు రూపాయలు కడతాడు, ఫ్రెంచివాళ్ళని పంపించేస్తాడు. అక్టోబరులో ఆ పటాలాల చేత ఆయుధాలు దింపించేశారు. ఇంకో దిక్కు చూసే వీలు పోయింది. బేరం కూడా అక్కడితో సరి.

రెండేళ్ళకే, 1800 అక్టోబరులో, నగదు బదులు భూమి అడిగారు. 1792, 1799 మైసూరు యుద్ధాల్లో వాటాగా వచ్చిన సీమనే నిజాం తిరిగి కంపెనీకి రాసిచ్చాడు. ఇవాళ్టి బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు. టిప్పుని కొట్టి సంపాదించిన నేల కాపలా ఖర్చు కింద జమయింది. కలెక్టరుగా మన్రో వచ్చాడు, పాలెగాళ్ళని అణిచాడు, శిస్తు లెక్కలు కట్టాడు. ఎక్కడో హైదరాబాదులో గద్దెకి కాపలా, ఆ ఖర్చు మాత్రం కడప రైతు నెత్తిన.

కథ అక్కడా ఆగలేదు. కంటింజెంట్ అనే మరో సైన్యం ఖర్చు అప్పుగా పేరుకుంటే 1853లో బేరార్ కంపెనీ చేతికి పోయింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఏడో నిజాంకి 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అనే బిరుదు వచ్చింది. 1947లో బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళిపోతూ సార్వభౌమాధికారం రద్దయింది, సంధులు చెల్లవన్నారు. 1948లో నిజాం ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళినా పాత పోషకుడు అడ్డు రాలేదు. సెప్టెంబరులో అయిదు రోజుల్లో అంతా ముగిసింది. నిజాం మీద నాకు జాలేమీ లేదు. కానీ దాదాపు 150 ఏళ్ళు కట్టిన కాపలా డబ్బులకి దక్కింది ఒక బిరుదు.

ఈ సిద్ధాంతాల్లో ఎప్పుడూ రెండే కుర్చీలు కనిపిస్తాయి, పోషకుడిదొకటి, ఆశ్రితుడిదొకటి. ఎవరు ఎవర్ని ఆడించారన్నదే చర్చ. ఇద్దరి మధ్యా చేతులు మారిన జనానికి అక్కడ కుర్చీ లేదు. ఇప్పుడు ఏ పెద్ద దేశమైనా ఏ చిన్న ప్రభుత్వాన్నైనా 'కాపాడుతోంది' అని చదివితే నాకు ముందు వచ్చే ప్రశ్న ఇదే: ఖర్చు ఎవరి పొలం మీద రాశారు?

దత్తమండలాల జనం మాత్రం తమ జవాబు తాము చెప్పుకున్నారు. 1928లో నంద్యాల సభల్లో ఆ పేరు వద్దనుకున్నారు. చిలుకూరి నారాయణరావు సూచించిన 'రాయలసీమ' నిలిచింది. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేలగా కాక, తన చరిత్ర తనకున్న నేలగా పిలిపించుకోవడానికి ఆ సీమకి 128 ఏళ్ళు పట్టింది.